అమ్రాబాద్ అడవిలో చెంచు మార్గదర్శితో ఒక ఉదయం

గడచిన ఫిబ్రవరి చివరి వారంలో మా కుటుంబం నల్లగొండ నుంచి దేవరకొండ, డిండి మీదుగా మన్ననూరు చేరి, అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో ఫర్హాబాద్ వైపు సాగే సఫారీకి వెళ్లింది. పులి కనిపించలేదు. అయినా ఈ సఫారీకి వెళ్లమని అందరికీ గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే ఆ అడవిని మాకు చూపించినది వాహనం కాదు, ముందు సీటులో కూర్చున్న చెంచు మార్గదర్శి.

రెండు వేల చదరపు కిలోమీటర్లకు మించి విస్తరించిన ఈ నల్లమల అడవి ఆ సమయానికి ఆకు రాల్చి పలచబడి ఉంటుంది. తెల్లని మాను తప్ప ఆకన్నది లేని తపసి చెట్టు దగ్గర ఆయన జీపు ఆపించి, బెరడుకు గాటు పెట్టి బంక ఎలా తీస్తారో, చెట్టు చావకుండా గాటును ఎంతవరకు ఉంచాలో వివరించారు. నల్లమద్ది మానుపై ఎలుగుబంటి గోళ్ల గీతలు మేమైతే గమనించకుండానే దాటిపోయేవాళ్లం. తేనె కోసం కొండచరియకు తాడుపై దిగేటప్పుడు పైన తాడు పట్టుకునేది బావమరిదేనని, తన అక్కచెల్లెళ్ల పసుపుకుంకుమలను అతడు కాపాడుకుంటాడన్న నమ్మకమే దానికి కారణమని ఆయన చెప్పినప్పుడు మా అమ్మ చాలాసేపు మౌనంగా ఉండిపోయింది.

దుప్పులు, ఒక కణితి (పెద్ద జాతి జింక), బెట్టుడుత (పెద్ద అడవి ఉడుత) కనిపించాయి. మా వెనుక జీపులోని వారు ఫోనులో పాటలు పెట్టడంతో దుప్పుల గుంపు చెదిరిపోయింది. అడవికి వచ్చి ఇలా చేయడం నాకు చాలా బాధ కలిగించింది. ఫర్హాబాద్ వ్యూపాయింట్ అందమైనదే, కానీ అక్కడ ఫొటోలకు వెచ్చించే సమయాన్ని దారిలో మార్గదర్శిని ప్రశ్నలు అడగడానికి మిగుల్చుకోవడం మేలు. పెంటలని పిలిచే అడవిలోని చిన్న ఊళ్లు చెంచుల నివాసాలు కనుక, వారి అనుమతి లేనిదే ఇళ్లను గాని మనుషులను గాని ఫొటో తీయకండి.

వానాకాలంలో సఫారీ ఉండదు. శ్రీశైలం రహదారిపై అడవి భాగంలో రాత్రిపూట వాహనాలను అనుమతించరు కాబట్టి, ఉదయపు సఫారీ కావాలంటే ముందురోజు చీకటి పడకముందే మన్ననూరు చేరుకోవాలి. ఇప్పపూలు రాలే రోజుల్లో తెల్లవారుజామున ఎలుగులు చెట్ల కిందికి వస్తాయని ఆయన చెప్పారు; వచ్చే ఏడాది ఆ రోజుల్లోనే అమ్మను మళ్లీ తీసుకువెళ్లాలని అనుకుంటున్నాను.