ఆటో ఐఎస్ఓ: ఆరు బతుకమ్మల తర్వాత

ఈ కెమెరా నా చేతికొచ్చి ఆరు బతుకమ్మలు దాటాయి. మెగాపిక్సెళ్లు, వీడియో, బ్యాటరీ సంగతులు ఇప్పటికే చాలామంది రాశారు కాబట్టి వదిలేస్తున్నాను. నేను చెప్పేది మెనూలో బాగా లోపలికి వెళ్తే గానీ కనిపించని ఒక్క వరుస గురించి: ఆటో ఐఎస్ఓ కింద ఉండే మినిమమ్ షట్టర్ స్పీడ్. ఐఎస్ఓ అంటే కెమెరా వెలుగును ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె, ఆటోలో దాన్ని కెమెరాయే ఎంచుకుంటుంది. ఈ వరుసలో షట్టర్ ఎంతకంటే నెమ్మదించకూడదో చెబుతాం. ఇప్పుడు చాలా కంపెనీల కెమెరాల్లో ఇది ఉంది కాబట్టి ఏ కంపెనీదో రాయడం లేదు. ఈ కెమెరాను ఇన్నేళ్లుగా వదలకుండా వాడుతున్నది ఆ వరుస కోసమే. మొదటి ఏడాది నన్ను ఏడిపించింది కూడా అదే.

2019లో చిన్నమ్మ భివండి నుంచి పండక్కి వచ్చింది. పెళ్లయ్యాక మగ్గాల పని మీద వెళ్లిన కుటుంబం వాళ్లది. పదకొండేళ్ల తర్వాత అక్కాచెల్లెళ్లిద్దరూ హన్మకొండ వేయిస్తంభాల గుడి దగ్గర ఒకే చుట్టులో ఆడారు. నేను మూడు చుట్లు వాళ్లతో ఆడి, పక్కకు వచ్చి కెమెరా తీశాను. ఎంగిలిపూల బతుకమ్మ అమావాస్య నాడు వస్తుంది, పైన వెన్నెల ఉండదు. ఒక వైపు స్తంభాలకు కట్టిన ఫ్లడ్ లైట్లు, రెండో వైపు దాదాపు చీకటి.

ఐఎస్ఓ పెంచితే ఫొటోలో గ్రెయిన్స్, అంటే ఇసుక చల్లినట్టు చుక్కలు, వస్తాయని అందరూ చెప్పేవారు. ఆ భయంతో గరిష్ఠ పరిమితి 3200 దగ్గర ఆపాను. షట్టర్ స్పీడ్‌ను ఆటోకు వదిలేశాను. కెమెరాతో వచ్చే కిట్ లెన్స్ 55 ఎంఎం దగ్గర ఎఫ్ 5.6 కంటే ఎక్కువ తెరుచుకోదు (ఎఫ్ అంకె పెద్దదయ్యే కొద్దీ లోపలికి వచ్చే వెలుగు తక్కువ). 3200 తాకగానే కెమెరా ఇక ఐఎస్ఓ పెంచలేక షట్టర్‌ను తగ్గించుకుంటూ పోయింది. ఒక్క హెచ్చరిక ఇవ్వలేదు. వెనక తెర మీద చిన్నగా చూస్తే అన్నీ బాగానే కనిపించాయి. ఇంటికొచ్చి పెద్దది చేసి చూస్తే, అమ్మా చిన్నమ్మా వంగి చప్పట్లు కొడుతున్న నలభై ఫొటోల్లో చేతులు పొగలా కరిగిపోయి ఉన్నాయి. బతుకమ్మ మీది తంగేడు పూలు మాత్రం రేకు రేకూ లెక్కపెట్టవచ్చు. అన్నింటి కిందా ఒకటే అంకె: 1/20. అంటే షట్టర్ సెకనులో ఇరవయ్యో వంతు సేపు తెరిచి ఉంది.

"మా ఫొటో మంచిగ వచ్చిందా బిడ్డా?" అని చిన్నమ్మ బస్సెక్కే ముందు అడిగింది. పంపిస్తానన్నాను. ఏం పంపాలో తెలియలేదు.

ఆ తర్వాత కూర్చుని అర్థం చేసుకున్నాను. మినిమమ్ షట్టర్ స్పీడ్‌ను ఆటోలో ఉంచితే నా కెమెరా లెన్స్ ఫోకల్ లెంగ్త్‌ను (55 ఎంఎం లాంటి అంకెను) బట్టి లెక్క వేసుకుంటుంది. అంటే పట్టుకున్న నా చేయి వణకడం దానికి తెలుసు, ఎదురుగా అమ్మ చేయి కదలడం తెలియదు. ఆ అంకె మనమే చెప్పాలి. చెప్పినా పైన పరిమితి చాలినంత లేకపోతే అది మన మాట దాటేస్తుంది. ఈ రెండు వరుసలూ కలిపి పెట్టుకోవాలని నాకు ఎవరూ చెప్పలేదు.

కరోనా వల్ల రెండేళ్లు ఎవరూ రాలేదు. 2022లో చిన్నమ్మ మళ్లీ వచ్చింది. ఈసారి పరిమితి 12800, కనీస షట్టర్ 1/200 పెట్టి, 35 ఎంఎం లెన్స్‌ను ఎఫ్ 2 దగ్గర ఉంచాను. ఇక్కడే నాకు ఈ సెట్టింగ్ మీద నిజంగా ప్రేమ పుట్టింది. బతుకమ్మ చుట్టూ తిరిగేవాళ్లు ఒక్క చోట ఉండరు. ఫ్లడ్ లైట్ ముందుకు వచ్చినప్పుడు ఐఎస్ఓ 2000 చాలు, చుట్టు తిరిగి చీకటి వైపు వెళ్లేసరికి 8000 కావాలి. నాన్న ఫిల్మ్ రోజుల్లో 36 ఫొటోలకూ ఒకటే 400. ఇప్పుడు మనిషి అడుగు వేసే లోపు అంకె మారిపోతోంది. చేత్తో తిప్పుతూ కూర్చుంటే నేను మనుషుల ముఖాలు చూడలేను. ఆ రాత్రి ముఖాలే చూశాను.

గ్రెయిన్స్ భయం కూడా అప్పుడే పోయింది. చివరి రోజు, సద్దుల నాడు, పద్మాక్షి గుట్ట గుండంలో బతుకమ్మను వదులుతున్న ఫొటో 6400లో వచ్చింది. హాల్లో 12×18 సైజులో ఉంది. చుట్టాలెవరూ గ్రెయిన్స్ గురించి అడగలేదు. కాకపోతే కెమెరా ఏమీ దిద్దకుండా దాచే రా ఫార్మాట్‌లో తీశాను. జేపెగ్‌లో గ్రెయిన్స్ తుడిచేందుకు కెమెరా చేసే నాయిస్ రిడక్షన్ చీర జరీని మైనంలా నున్నగా చేసేస్తుంది. దాన్ని మెనూలో ‘లో’ (తక్కువ) స్థాయికి తగ్గించుకున్నాను.

అంతా ఈ సెట్టింగ్ ఘనతే అనలేను. 2019 వెలుగుకు లెక్క వేస్తే, అదే కిట్ లెన్స్‌తో పరిమితి 6400 చేసినా 1/40 వచ్చేది, 12800కి 1/80. చప్పట్లకు అది అరకొర. ఎఫ్ 5.6 నుంచి ఎఫ్ 2కి మూడు స్టాపులు, అంటే ఎనిమిది రెట్ల వెలుగు. ఆ లెన్స్ కొనకపోతే ఈ సమీక్ష ఇంత సంతోషంగా ఉండేది కాదు.

ఇంకో చిక్కు 2022లోనే బయటపడింది. 1/200 దగ్గర కొన్ని ఫొటోల్లో అడ్డంగా నల్లటి పట్టీలు వచ్చాయి. మన కరెంటు 50 హెర్ట్జ్, దాని మీద నడిచే చవకరకం ఎల్ఈడీ లైట్లు సెకనుకు వంద సార్లు మినుకుతాయి. కంటికి తెలియదు, షట్టర్‌కు తెలుస్తుంది. 1/100కి దించాక పట్టీలు పోయాయి. వేళ్ల చివర్లు కాస్త చెదిరాయి, ముఖాలు మాత్రం నిలిచాయి. ఆ చెదురు నాకు నచ్చింది, చప్పట్ల చప్పుడు వినిపిస్తున్నట్టు ఉంటుంది. ఇంకా, నల్లటి ఆకాశాన్ని చూసి కెమెరా వెలుగు చాలదనుకుని ఐఎస్ఓ ఎక్కించేస్తుంది, తెల్ల గునుగు పూలు, దీపాలు సున్నం ముద్దల్లా మారతాయి. ఫొటో ఎంత వెలుగుగా రావాలో మనం సర్దే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను మైనస్ 0.7 చేస్తే సర్దుకుంది.

ఎవరికి పనికొస్తుందంటే కచ్చితంగా చెప్పలేను. పగటిపూట తీసేవాళ్లు ఈ మెనూ తెరవకుండానే ఏళ్లు గడపవచ్చు. ఫ్లాష్, సొంత లైట్లు పెట్టుకుని పెళ్లిళ్లు తీసేవాళ్ల లెక్క వేరు. నేను ఏడాదిలో తొమ్మిది రాత్రులు, నా వాళ్ల కోసం, ఉన్న వెలుగులో తీసే మనిషిని. నాకు సరిపోయింది.

చిన్నమ్మకు ఇచ్చిన మాట ప్రకారం ఫొటో పంపాను, భివండిలో వాళ్లింట్లో టీవీ పైన ఉందట. 1/100, 12800, మైనస్ 0.7, ఈ మూడింటినీ మోడ్ డయల్ మీద ఒక గడిలో భద్రం చేసుకున్నాను. ఎంగిలిపూల నాడు గుడి దగ్గరికి చేరగానే డయల్ అక్కడికి తిప్పి, కెమెరాను సంచిలోనే ఉంచి, ముందు మూడు చుట్లు ఆడతాను.