ప్రోగ్రామ్ అయిన రాత్రి కూడా పాట వినగలుగుతున్నాను: అచ్చు తీయించి చేయించుకున్న ఇయర్‌ప్లగ్స్ గురించి

బేస్ గిటార్ వాయించడం నా పని, పాటలు వినడం నా ప్రాణం. చాలా ఏళ్లు ఈ రెండింటికీ పడేది కాదు. డ్రమ్స్ పక్కన రెండు మూడు గంటలు నిలబడి వచ్చిన రాత్రి ఏ రికార్డు పెట్టినా సగమే వినిపించేది. గాయని ఊపిరి తీసుకోవడం, డ్రమ్స్‌లోని ఇత్తడి పళ్లెం (సింబల్) మోగాక మిగిలే సన్నటి నాదం, వయొలిన్ తీగ మీద కమాను రాసుకునే గరుకు, ఇవన్నీ దుప్పటి కప్పి వినిపించినట్టు ఉండేవి. దానికి తోడు చెవుల్లో గుయ్‌మని ఒకటే మోత. మర్నాడు మధ్యాహ్నానికి గానీ తగ్గేది కాదు. అది తగ్గేసరికి మళ్లీ రిహార్సల్ టైమయ్యేది.

ఈ ఇయర్‌ప్లగ్స్ వాడటం మొదలుపెట్టాక నాకు దక్కిన గొప్ప లాభం రాత్రి పాటలు వినే ఆ గంటసేపే. ఇంటికొచ్చి, వైర్లు చుట్టి పక్కన పడేసి, వాల్యూమ్ బాగా తగ్గించి ఒక ఆల్బమ్ మొదటి నుంచి చివరి దాకా వింటున్నాను. పాటలో స, ష అక్షరాల అంచు కూడా తెలుస్తోంది. పెద్ద శబ్దానికి చెవి తాత్కాలికంగా మొద్దుబారేది ముఖ్యంగా 3,000 నుంచి 6,000 హెర్ట్జ్ (సెకనుకు ఎన్ని కంపనాలో చెప్పే కొలత) మధ్య. అందులోనూ 4,000 దగ్గర దెబ్బ ఎక్కువ. పాటకు తేటదనం ఇచ్చే పై స్వరాలన్నీ సరిగ్గా అక్కడే ఉంటాయి. రోజంతా సంగీతంతో బతికే మనిషికి రాత్రి ఇంటికొచ్చాక ఆ సంగీతమే వినపడకపోవడం ఎంత బాధో, అనుభవించినవాళ్లకే తెలుస్తుంది.

నావి ఆడియాలజిస్ట్ (వినికిడి నిపుణుడు) దగ్గర చెవి అచ్చు తీయించుకుని చేయించుకున్న మెత్తటి సిలికాన్ జత. మధ్యలో చిన్న బొత్తాంలాంటి ఫిల్టర్ ఉంటుంది, తీసి మార్చుకోవచ్చు. ఈ రకంలో సాధారణంగా శబ్దాన్ని 9, 15, 25 డెసిబెల్స్ తగ్గించే ఫిల్టర్లు దొరుకుతాయి. నేను వాడేది 15. ఫోమ్ ముక్కలతో ఎందుకు సరిపెట్టుకోలేదని అడుగుతారు. వాటితో చెవికి రక్షణ బాగానే ఉంటుంది, సంగీతమే పాడైపోతుంది. ఫోమ్ కింది స్వరాల కంటే పై స్వరాలను చాలా ఎక్కువగా కోసేస్తుంది. పైగా మన చెవి గొట్టానికి సహజంగా 2,700 హెర్ట్జ్ ప్రాంతంలో ఒక ప్రతిధ్వని ఉంటుంది. ఏదైనా పెట్టి మూస్తే అదీ పోతుంది. ఆ పోయినదాన్ని ఫిల్టర్ లోపలే మళ్లీ పుట్టించి, అన్ని స్వరాలనూ ఇంచుమించు ఒకే మోతాదులో తగ్గించే ప్లగ్ 1988లో ఈఆర్-15 పేరుతో వచ్చింది. ఇప్పుడు వాద్యకారుల కోసం చేసే ప్లగ్స్‌లో చాలావరకు అదే దారి పట్టాయి. పెట్టుకుంటే ఎవరో అందరి వాల్యూమ్ ఒకేసారి తగ్గించినట్టు ఉంటుంది. డ్రమ్స్‌లో పటుక్కుమనే స్నేర్ స్నేర్‌లాగే, జంట తాళాల్లాంటి హై-హ్యాట్ హై-హ్యాట్‌లాగే వినిపిస్తాయి.

15 అంటే చిన్న అంకెలా కనిపిస్తుంది గానీ లెక్క వేస్తే దాని విలువ తెలుస్తుంది. పనిచేసే చోట శబ్దం గురించి అమెరికాలో ఉద్యోగుల భద్రత, ఆరోగ్యం మీద పరిశోధించే ప్రభుత్వ సంస్థ నియోష్ సూచించిన పరిమితి 85 డెసిబెల్స్‌కు 8 గంటలు. అక్కడి నుంచి 3 డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా సమయం సగమవుతుంది. 88కి 4 గంటలు, 91కి 2 గంటలు, అలా పోతే 100కి వచ్చేది 15 నిమిషాలే. మా రిహార్సల్ గదిలో నేను నిలబడే చోట మీటర్ 100 దాటడం మామూలే. అంటే రెండో పాటో మూడో పాటో అయ్యేసరికి ఆ రోజు వాటా అయిపోయినట్టే. అందులోంచి 15 తీసేస్తే మళ్లీ 8 గంటల దగ్గరికి వస్తాం. అయితే ఇది ప్లగ్ గట్టిగా అతుక్కుని ఉన్నప్పటి లెక్క. పాడుతూ దవడ బాగా కదిలిస్తే అంచు దగ్గర సందు పడుతుంది, బయటి శబ్దం లోపలికి దూరుతుంది. పాటల మధ్య వేలితో ఒకసారి నొక్కుకోవడం నాకు అలవాటైపోయింది.

ఇంత మెచ్చుకున్నాను కదా, ఒకసారి ఇవే నన్ను హడలగొట్టిన సంగతి కూడా చెప్పాలి.

ఆరుబయట ప్రోగ్రామ్, ఉక్కపోత. నేను హై-హ్యాట్ వైపు నిలబడతాను కాబట్టి డ్రమ్స్ ఎప్పుడూ నా కుడి చెవికి దగ్గర. రెండో సగంలో ఒక పాట నడుస్తుండగా కుడివైపు మెల్లగా మూసుకుపోతూ వచ్చింది. ముందు హై-హ్యాట్ మసకబారింది. తర్వాత స్నేర్ దెబ్బలో ఆ పటుక్కుమనే కొస పోయి ఉత్త దరువే మిగిలింది. ఎడమవైపు అంతా మామూలుగానే ఉంది. వేళ్లు వాటి పని అవి చేసుకుపోతున్నాయి గానీ నా మనసంతా కుడి చెవిలోనే ఉంది. ఏసీ/డీసీ అనే రాక్ బృందం గాయకుడు బ్రయాన్ జాన్సన్ 2016లో వినికిడి పూర్తిగా పోయే ప్రమాదం ఉందని డాక్టర్లు హెచ్చరించడంతో టూర్ మధ్యలో ఆగిపోవాల్సి వచ్చిందని చదివి ఉన్నాను. అదే బుర్రలో తిరుగుతోంది. చెవి పోయిందేమో అన్న టెన్షన్‌తో పాట ఎలా ముగిసిందో కూడా నాకు గుర్తులేదు.

గాయకుడు ప్రేక్షకులతో మాట్లాడుతున్నప్పుడు రెండు ప్లగ్స్ తీసేశాను. రెండు చెవులూ ఒకేలా వినిపిస్తున్నాయి. నాకు ప్రాణం లేచొచ్చింది. ఫిల్టర్లు రెండూ పీకి, కుడిది ఎడమకి, ఎడమది కుడికి పెట్టి చూశాను. ఈసారి ఎడమవైపు మసకబారింది. తప్పు చెవిది కాదు, ఫిల్టర్‌ది. సంచిలో మూడు అంచెల రబ్బరు ప్లగ్స్ పాత జత ఒకటి ఉంది. మిగిలిన ప్రోగ్రామ్ వాటితోనే లాగించాను.

తర్వాత ఆడియాలజిస్ట్‌కు చూపిస్తే అసలు సంగతి తెలిసింది. ఫిల్టర్ లోపల శబ్దాన్ని అదుపు చేసే పల్చటి పొరలుంటాయి. వాటికి చెమట గానీ గుబిలి గానీ పట్టిందంటే గాలి ఆడక శబ్దం ఆగిపోతుంది. వాటికి నీళ్లు తగలకూడదు. సిలికాన్ అచ్చును కడగొచ్చు, అదీ ఫిల్టర్ తీసేశాకే. ప్లగ్స్ తయారుచేసి పంపినవాళ్లు ఇచ్చిన కాగితంలో ‘గోరువెచ్చని సబ్బు నీళ్లతో కడగండి’ అని మాత్రమే ఉంది. ఫిల్టర్ మాట అందులో ఎక్కడా లేదు. వాళ్ల మీద నా కోపం ఇప్పటికీ పోలేదు. చెవిని నమ్ముకుని బతికేవాళ్లకు అమ్మే వస్తువు అది. ఆ ఒక్క వాక్యం రాయడానికి కాగితం మీద చోటు లేకపోయిందా? పైగా విడి ఫిల్టర్ తెప్పించుకోవడానికి వారాలు పట్టింది. అందుకే కొనేటప్పుడే ఇంకో జత ఫిల్టర్లు అడిగి తీసుకోండి. పొడి డబ్బాలో ఉంచండి, రోజూ మెత్తటి గుడ్డతో తుడవండి.

అన్ని స్వరాలూ సమానంగా తగ్గుతాయని పైన అన్నాను. ప్లగ్ చేసేది అదే, కానీ మన చెవి తీరు వేరు. శబ్దం తగ్గేకొద్దీ చెవికి కింది స్వరాలు మిగతావాటికంటే ఎక్కువగా తగ్గినట్టు అనిపిస్తుంది. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు పరిశోధకులు 1933లోనే దీన్ని కొలిచి చూపించారు. కాబట్టి ప్లగ్స్ పెట్టుకున్నాక నా బేస్ నాకే కాస్త పల్చగా వినిపిస్తుంది. వెంటనే యాంప్ మీద బేస్ పెంచాలని చెయ్యి లాగుతుంది. పెంచితే ముందు వరసల్లో కూర్చున్నవాళ్ల గుండెలు అదురుతాయి. సౌండ్‌చెక్‌లో టోన్ సెట్ చేసే ఆ కాసేపు ప్లగ్స్ లేకుండా ఉంటాను. తర్వాత పెట్టుకుంటే ప్రోగ్రామ్ అయ్యేదాకా నాబ్ ముట్టుకోను.

పాడేవాళ్లకు ఇంకో ఇబ్బంది ఉంది, అది చిన్నదేమీ కాదు. చెవి మూసుకుని ‘మ్’ అని కూని రాగం తీసి చూడండి, గొంతు తల లోపల గుమ్మని మోగుతుంది. పుర్రె ఎముక ద్వారా వచ్చే కింది స్వరాలు బయటికి పోయే దారి లేక లోపలే చిక్కుకుంటాయి. కోరస్‌లో రెండో స్వరం అందుకోవాల్సి వచ్చినప్పుడు మొదట్లో నా గొంతు తప్ప పక్కవాళ్ల గొంతు నాకు అందేది కాదు. శృతి పట్టుకోవడం నరకంగా ఉండేది. మొదటి అచ్చు పొట్టిగా ఉంది. చెవి గొట్టంలో రెండో వంపు దాటి, ఎముక మొదలయ్యే దాకా లోతుగా తీయించిన రెండో అచ్చుతో ఆ మోత చాలావరకు తగ్గింది. పూర్తిగా మాత్రం పోలేదు. కొందరు ఒక చెవిది తీసేసి పాడతారు. వేదిక మీద మాకు వినిపించడానికి పెట్టే స్పీకర్ (మోనిటర్) అటువైపే ఉంటే ఆ దెబ్బంతా ఆ ఒక్క చెవే తింటుంది కాబట్టి నేను ఆ పని చేయను.

శ్రోతగా వెళ్లినప్పుడూ ఇవి నా జేబులోనే ఉంటాయి. సంగీత కార్యక్రమాల్లో సగటు శబ్దం 100 డెసిబెల్స్ మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రమాణం పెట్టింది. 15 నిమిషాల సగటు మీద లెక్క. ఆ పరిమితి పాటించిన చోట కూడా పూర్తి కచేరీ వట్టి చెవులతో వినడం ఎక్కువేనని పైన చెప్పిన లెక్కే చెబుతోంది. స్పీకర్లకు దగ్గరగా నిలబడ్డప్పుడు ప్లగ్స్‌తోనే పాట మాటలు నాకు బాగా అర్థమవుతున్నాయి. లేకపోతే అంతా కలిసి ఒకటే హోరు. మైకులు లేకుండా నలుగురు కూర్చుని వాయించే చోట మాత్రం వెంటనే తీసేస్తాను, అక్కడ ఒక్క డెసిబెల్ వదులుకోవడం కూడా నాకు ఇష్టం ఉండదు.

డ్రమ్స్ పక్కన నిలబడి బేస్ వాయిస్తూ, అప్పుడప్పుడు కోరస్ అందుకునే నాకు 15 ఫిల్టర్ సరిగ్గా సరిపోయింది. మా డ్రమ్మర్ 25 వాడతాడు, అతనికి 15 చాలదు. ఒక్క గిటార్‌తో పాడేవాళ్లకు 9 కూడా ఎక్కువ అనిపించవచ్చు. రోజంతా ముఖ్య గాయకులుగా పాడేవాళ్లకు నేను ధైర్యంగా కొనమని చెప్పలేను. ముందు ఆ మోత తట్టుకోగలరో లేదో మామూలు రబ్బరు జతతో ఒక రిహార్సల్ పాడి చూసుకుని, తీయిస్తే లోతుగా తీయమని గట్టిగా అడిగి మరీ అచ్చు తీయించుకోండి. ఏళ్లు గడిచేకొద్దీ చెవి ఆకారం కొద్దిగా మారుతుంది, నా ఎడమది ఈ మధ్య వదులుగా అనిపిస్తోంది. ఆ ఒక్కదానికి మళ్లీ అచ్చు తీయించాలి.