వైరున్న మిషనా, బ్యాటరీ మిషనా: ఇంటికేది, పనికేది?

ఈ ఏడాది మా ఇంట్లో గోడలకి నేను వేసిన బెజ్జాలు పద్దెనిమిది. కర్టెన్ రాడ్లకి ఎనిమిది, టీవీ స్టాండుకి నాలుగు, అద్దానికి రెండు, మిగతావి దేవుడి పటాలకి. మా బావమరిది విజయనగరంలో కప్‌బోర్డులు, అల్యూమినియం తలుపుల పని చేస్తాడు. నా ఏడాది బెజ్జాలు అతను పొద్దున టిఫిన్ టైముకే వేసేస్తాడు. అలాంటి మేమిద్దరం ఒకే రోజు ఒకే షాపుకి వెళ్లి ఏ డ్రిల్లు మంచిదని అడిగితే, కౌంటర్లో కుర్రాడు ఇద్దరికీ ఒకే పెట్టె చూపించాడు. 18 వోల్టుల డ్రిల్లు, రెండు బ్యాటరీలు, చార్జరు, ప్లాస్టిక్ సూట్‌కేసు. అతను కొన్నాడు, నేను కొనలేదు. ఇద్దరం సరిగ్గానే చేశామని ఇప్పటికీ అనుకుంటున్నాను.

ముందు నా లెక్క. లిథియం అయాన్ బ్యాటరీ వాడినా అరుగుతుంది, వాడకపోయినా అరుగుతుంది. అల్మారాలో ఊరికే కూర్చున్నా ఏటేటా కొంత సత్తువ పోతుంది. నిండా చార్జి చేసి, స్లాబు వేడికి కాగే పై అంతస్తు గదిలో వదిలేస్తే ఇంకా తొందరగా పోతుంది. ఏడాదికి పద్దెనిమిది బెజ్జాలు వేసేవాడికి బ్యాటరీ పని వల్ల చావదు, ఖాళీగా ఉండి చస్తుంది. కొన్నేళ్లకి మిషను కొత్తగానే ఉంటుంది, బ్యాటరీ మాత్రం చార్జి నిలపదు. అప్పుడు కొత్త బ్యాటరీ ధర అడిగితే, ఇంకాస్త వేస్తే కొత్త సెట్టే వస్తుందంటారు.

వైరున్న డ్రిల్లుకి ఈ గొడవ లేదు. 600 వాట్ల, 13 ఎంఎం చక్ (బిట్టు బిగించే మూతి) ఉన్న ఇంపాక్ట్ డ్రిల్లు ఎర్రిటుక గోడకీ, ఫ్లైయాష్ ఇటుక గోడకీ ధారాళంగా సరిపోతుంది. పదేళ్ల తర్వాత తీసి ప్లగ్గు పెట్టినా తిరుగుతుంది. మోటారుకి కరెంటు అందించే కార్బన్లు అరిగితే మార్చుకోవడం చిన్న ఖర్చు. ఆర్మేచర్, అంటే మోటారులో తిరిగే తీగచుట్టల భాగం, కాలిపోతే మోటార్ వైండింగ్ షాపువాడు చూసుకుంటాడు, వాళ్లు మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏ చిన్న టౌనులోనైనా దొరుకుతారు. అదే సత్తువ ఉన్న బ్యాటరీ సెట్టు కొనాలంటే దీనికి రెట్టింపు పైమాటే.

ఒక్క పనికి మాత్రం అది పనికిరాదు. స్క్రూలు బిగించడానికి. వైరు డ్రిల్లు నిమిషానికి మూడు వేల చుట్లు తిరిగే రకం, పైగా దానికి క్లచ్ ఉండదు. స్క్రూ తలకాయ గాడి అరిగిపోయాక గానీ మనం చెయ్యి తియ్యలేం. బ్యాటరీ డ్రిల్లు మూతి దగ్గర అంకెలున్న రింగు ఉంటుంది చూడండి, అదే క్లచ్. చిన్న అంకె మీద పెడితే స్క్రూ బిగిసిన వెంటనే టకటకమని జారుతుంది, లోపలికి దిగబడదు. అందుకని నేను వైరు డ్రిల్లుకి తోడు 3.6 వోల్టుల చిన్న స్క్రూడ్రైవర్ ఒకటి పెట్టుకున్నాను. ఫోన్ చార్జింగ్ కేబులే దానికీ సరిపోతుంది. స్విచ్‌బోర్డు మూతలు, గడియలు, పిల్లల సైకిలు, అన్నీ దాంతోనే.

ఆ 3.6 అంకె దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే బ్యాటరీల గుట్టంతా అందులోనే ఉంది. ఒక్క లిథియం సెల్లు వోల్టేజి సుమారు 3.6. నా స్క్రూడ్రైవర్లో ఒకే సెల్లు. మూడు సెల్లులు వరసగా కలిపితే 10.8, దాన్నే 12 వోల్టులని అమ్ముతారు. అయిదు కలిపితే 18. నిండా చార్జి అయిన క్షణంలో అయిదు సెల్లులూ కలిసి ఇరవై దాటతాయి కాబట్టి కొందరు దాన్నే "20 వోల్ట్ మాక్స్" అని రాస్తారు. డీవాల్ట్ కంపెనీ ఒక దేశంలో 18 అనీ, ఇంకో దేశంలో 20 అనీ అమ్మేది ఈ అయిదు సెల్లుల బ్యాటరీనే. 18 కన్నా 20 గొప్పదని ఎక్కువ పెట్టకండి.

ఇక ఆంపియర్ అవర్లు, షాపులో ఏహెచ్ అంటారు. వోల్టుల్ని ఏహెచ్‌తో గుణిస్తే వాట్ అవర్లు వస్తాయి. డబ్బాలో ఉన్న సరుకు అదే. 18 వోల్టులు, 2 ఏహెచ్ అంటే 36. 5 ఏహెచ్ అంటే 90. ఇప్పుడు 850 వాట్ల నాలుగంగుళాల గ్రైండర్ చేసేంత పని ఆ 90లోంచి తియ్యాలనుకోండి. పూర్తి లోడు మీద ఆరు నిమిషాల పైచిలుకు, అంతే. మధ్యమధ్య ఆపుతూ కోస్తాం కాబట్టి ఇంకాస్త వస్తుంది గానీ, రోజంతా టెక్కలి గ్రానైటు పలకలు కోసేవాడికి బ్యాటరీ కట్టర్ అమ్మేవాణ్ణి నమ్మకూడదు. అక్కడ వైరే దిక్కు. అదే స్క్రూలు బిగించడమైతే ఒక్కో స్క్రూకి ఒకటి రెండు సెకన్లే, 2 ఏహెచ్ కూడా చాలాసేపు వస్తుంది.

నా బావమరిది ఎందుకు కొన్నాడో చూడాలంటే అతని సైటుకి వెళ్లాలి. కట్టుబడిలో ఉన్న అపార్ట్‌మెంటు, మూడో అంతస్తు, కింద ఒకే ఒక్క టెంపరరీ కరెంటు బోర్డు. అక్కణ్ణించి పైకి వైరు లాగితే మధ్యలో రెండు అతుకులు, వాటి మీద నల్ల టేపు, పక్కన టైల్స్ వాళ్లు పోసిన నీళ్లు. సన్నటి వైరు అంత దూరం లాగేసరికి వోల్టేజి పడిపోయి మోటారు మూలుగుతుంది, వేడెక్కుతుంది. ఒకసారి అతని హెల్పర్ కుర్రాడికి ఆ అతుకు దగ్గర షాకు కొట్టింది. ప్రాణం మీదకి రాలేదు గానీ, ఆ సాయంత్రమే బ్యాటరీ మిషను కొనాలని బావమరిది తీర్మానించుకున్నాడు. రేకుల షెడ్లు వేసేవాళ్లది మరీ ఘోరం. పైన కమ్మీ మీద కాళ్లు మెలేసి కూర్చుని, ఒక చేత్తో రేకు, ఇంకో చేత్తో మిషను పట్టుకునేవాడికి వైరు కూడా కాళ్లకి అడ్డం పడితే ఏమవుతుంది? వాళ్లకి బ్యాటరీ ఇంపాక్ట్ డ్రైవర్ తప్ప వేరే మాట చెప్పను. అది తిప్పుతూనే లోపల సుత్తితో పక్కవాటుగా కొడుతుంది కాబట్టి పొడుగు స్క్రూ కూడా మణికట్టు తిప్పకుండా దిగిపోతుంది.

పనివాళ్లకి 12 మేలా, 18 మేలా? ఎలక్ట్రీషియన్లు, ఏసీ ఫిట్టింగువాళ్లు, కప్‌బోర్డు తలుపుల హింజిలు బిగించేవాళ్లు 12 తీసుకుంటే చెయ్యి నొప్పెట్టదు, మిషను ఇరుకు మూలల్లో దూరుతుంది. మిగతావాళ్లకి 18. ఎందుకంటే 12లో దొరికే మిషన్లు కొన్నే. 18 అయితే ఇవాళ డ్రిల్లు, రేపు గ్రైండరు, ఎల్లుండి జిగ్‌సా రంపం, అన్నిటికీ ఒకే బ్యాటరీ.

ఒకే బ్యాటరీ అంటే ఒకే కంపెనీ అని కూడా కాదు, ఒకే వరస అని. ఇక్కడ చాలామంది మోసపోతారు. బాష్‌లో నీలం రంగు పనివాళ్లది, ఆకుపచ్చ ఇళ్లవాళ్లది. రెండూ 18 వోల్టులే అయినా దీని బ్యాటరీ దానికి ఎక్కదు. మకీటాలో ఎల్‌ఎక్స్‌టీ వరస వేరు, చవక జీ వరస వేరు, అవీ అంతే. మొదటి డ్రిల్లు కొన్న రోజే నువ్వు తర్వాత కొనబోయే నాలుగు మిషన్లూ తేలిపోయినట్టే. అందుకని బావమరిదికి నేను చెప్పింది, డ్రిల్లు చూడకు, ఆ బ్యాటరీకి సరిపోయే ఒట్టి మిషన్లు (బ్యాటరీ లేకుండా అమ్మేవి) ఏమేం దొరుకుతాయో షాపువాణ్ణి అడుగు అని. సర్వీసు ఎక్కడో కూడా అడగమన్నాను. అది విశాఖలోనే అయితే మిషను పట్టుకుని పోయి రావడానికి ఒక రోజు కూలి పోతుంది.

ఇంత తెలిసినవాడిలా చెబుతున్నాను గానీ, అంతకుముందు నేనూ ఒకసారి బుర్ర తాకట్టు పెట్టాను. ఫోన్లో ప్రకటన చూసి "48 వీఎఫ్" అని రాసున్న బ్యాటరీ డ్రిల్లు సెట్టు తెప్పించుకున్నాను. పెద్ద బ్రాండు రంగు, పెద్ద బ్రాండు ఆకారం, పేరు మాత్రం ఎప్పుడూ విననిది. ఏడో నెలకే చార్జింగ్ నిలవడం మానేసింది. ఊరుకోలేక బ్యాటరీ పట్టుకెళ్లి మా వీధి కిరాణా కొట్టు కాటా మీద పెట్టాను. 340 గ్రాములు. ఒక సెల్లు బరువు దాదాపు 45 గ్రాములు, 18 వోల్టుల 5 ఏహెచ్ బ్యాటరీలో మామూలుగా పది ఉంటాయి కాబట్టి మంచిదైతే ఆరు వందల గ్రాములకి అటూ ఇటూ తూగుతుంది. ఇంటికొచ్చి నాలుగు స్క్రూలు విప్పాను. వరసగా అయిదు సెల్లులు, పక్కన అయిదు సెల్లులు పట్టేంత ఖాళీ. అయిదు సెల్లులతో 48 వోల్టులు బ్రహ్మదేవుడు కూడా ఇవ్వలేడు. కాటా చూస్తున్న కొట్టాయన "ఏటి బాబూ, ఇది కూడా తూకానికేనేటి?" అన్నాడు. నిజమే, తూకానికే కొనాల్సింది.

బ్రష్‌లెస్ మోటారు గురించి ఒక్కమాట. అందులో కార్బన్లు ఉండవు, వాటి రాపిడి ఉండదు, అదే చార్జింగ్‌తో ఎక్కువ పని వస్తుంది. రోజూ వాడేవాడు బ్రష్‌లెస్సే తీసుకోవాలి. అయితే లోపల కంట్రోల్ బోర్డు పోతే వైండింగ్ షాపువాడు చేతులెత్తేస్తాడు. ఇంటికి ఆ ఖర్చు అక్కర్లేదు.

స్లాబుకి, పిల్లరుకి, లింటెల్‌కి, అంటే కాంక్రీటుకి బెజ్జం వెయ్యాలంటే ఇంపాక్ట్ డ్రిల్లు వైరుదైనా బ్యాటరీదైనా ఏడిపిస్తుంది. అందులో పళ్లచక్రాలు రెండు గరగరమని రాసుకోవడం తప్ప అసలు దెబ్బ ఉండదు. మన బలం పెట్టి నొక్కాలి. ఆ పనికి రోటరీ హ్యామర్ అనే మిషను వేరే ఉంది, అందులో పిస్టను గాలిని నొక్కి, ఆ గాలి దెబ్బతో బిట్టుని కొడుతుంది. మనం నొక్కక్కర్లేదు, పట్టుకుంటే చాలు. దాని బిట్లు వేరు, ఎస్‌డీఎస్ ప్లస్ అని అడగాలి. ఇంటికి అది కొనడం దండగ, పని ఉన్న రోజు ఎవరినైనా అడిగి తెచ్చుకోవడమే.

కొన్నాక బ్యాటరీని చూసుకునే పద్ధతిలో పాత మాట ఒకటి ఇంకా తిరుగుతోంది. పూర్తిగా దిగాకే చార్జింగ్ పెట్టాలని. అది నికెల్ క్యాడ్మియం బ్యాటరీల కాలంనాటి మాట. లిథియానికి పూర్తిగా దించడమే కీడు. సగంలో పెట్టినా నష్టం లేదు. నెలల తరబడి పక్కన పెట్టేటప్పుడు సగం చార్జి ఉంచి, చల్లటి చోట పెట్టాలి. మే నెలలో రేకుల షెడ్డు కింద పని చేసి, చెయ్యి కాలేంత వేడిగా ఉన్న బ్యాటరీని వెంటనే చార్జర్‌లో గుచ్చకూడదు. మంచి చార్జర్లు చల్లారేదాకా ఎక్కించవు, లైటు మిణుకుమిణుకుమంటుంది. కుర్రాళ్లు అది పాడైందనుకుని తీసి మళ్లీ గుచ్చుతారు. కళింగపట్నం, భావనపాడు లాంటి సముద్రం పక్క ఊళ్లలో ఉప్పుగాలికి బ్యాటరీ కాంటాక్టులు పచ్చబడతాయి, పొడి గుడ్డతో తుడుస్తుండాలి.

కరెంటు పోయే చోట్ల బ్యాటరీ మిషనే మేలంటారు, సగమే నిజం. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఆ చుట్టుపక్కల ఉద్దానం ప్రాంతంలో రోజుల తరబడి కరెంటు లేదు. అన్ని రోజులు ఏ బ్యాటరీ నిలుస్తుంది? కాకపోతే చార్జరు లాగేది వంద వాట్ల లెక్క, ఇంటి ఇన్వర్టర్‌తోనో చిన్న జనరేటర్‌తోనో నడిచిపోతుంది. వెయ్యి వాట్లు దాటే మార్బుల్ కట్టర్‌ని ఇంటి ఇన్వర్టర్‌కి తగిలిస్తే కూతపెట్టి ఆగిపోతుంది.

ఉద్దానం అంటే గుర్తొచ్చింది. అక్కడ గల్ఫ్ నుంచి వచ్చేవాళ్ల సామానులో డ్రిల్లు సెట్టు కూడా ఉంటుంది. దుబాయ్ కరెంటు మనలాంటిదే, చార్జరు ప్లగ్గు మార్చుకుంటే చాలు. అమెరికా నుంచి ఎవరైనా తెస్తే మాత్రం చార్జర్ మీద 120 వోల్టులని రాసుందేమో చూసి గానీ గోడకి పెట్టొద్దు. ఎక్కడ కొన్నా అదే బ్యాటరీ ఇక్కడ దొరుకుతుందో లేదో తేల్చుకునే తీసుకురమ్మనండి.

బావమరిది చివరికి 2 ఏహెచ్‌వి రెండు, 5 ఏహెచ్‌ది ఒకటి ఉంచుకున్నాడు. నిచ్చెనెక్కి నెత్తిమీద పని చేసేటప్పుడు చిన్నవి, గ్రైండరుకి పెద్దది. ఒకటి మిషనులో, ఒకటి చార్జరులో, ఒకటి జేబులో. పోయిన నెల మా ఇంట్లో లింటెల్‌కి రెండు బెజ్జాలు వెయ్యాలంటే హ్యామర్ పట్టుకుని వచ్చాడు. కాఫీ తాగేలోపు పని అయిపోయింది. వెళ్తూ వెళ్తూ అల్మారాలో నా వైరు డ్రిల్లు చూసి, "బావా, ఇది నాకిచ్చీ. మా షెడ్డులో టేబుల్ కాడ రోజంతా పైపులకి హోల్స్ ఎయ్యాలి. పక్కనే కరెంటుండగా బ్యాటరీ ఎందుకు తగలెయ్యడం?" అన్నాడు. నా పద్దెనిమిదీ అయిపోయాయి కదా, ఇచ్చేశాను.