అనంతపురం రోడ్ల మీద అబార్త్ పుంటో: ఏళ్ల తరబడి వాడిన తర్వాత

ఫియట్ పుంటోకు పదును పెట్టి చేసిన అబార్త్ పుంటో గురించి వచ్చిన సమీక్షల్లో చాలావరకు కొత్త బండిని ఒక పూట నడిపి రాసినవే. వాటిలోని మెచ్చుకోలు అబద్ధమేమీ కాదు గానీ, అవి చెప్పలేని సంగతులు వారంటీ ముగిశాకే మొదలవుతాయి. నేను ఈ కారును 2016లో బెంగళూరులో కొత్తగా కొని అనంతపురానికి తెచ్చుకున్నాను. అప్పటి నుంచి నా రోజువారీ బండి ఇదే. ఈ కాలంలో టైమింగ్ బెల్టు, క్లచ్, సస్పెన్షన్ బుష్‌లు, టైర్లు అన్నీ మారాయి. ఈలోగా మన దేశంలో ఫియట్ కార్ల తయారీయే 2019 నాటికి ఆగిపోయింది. కనుక కొత్త బండి కొనాలా వద్దా అన్న ప్రశ్నకు ఇక్కడ చోటు లేదు. సెకండ్ హ్యాండులో దొరికితే తీసుకోవచ్చా, తీసుకుంటే రాయలసీమ ఎండలో, మన రోడ్ల మీద అది ఎలా నిలబడుతుంది అన్నదే నేను చెప్పదలచుకున్నది.

తెలియనివారి కోసం రెండు మాటలు. చూడటానికి ఇది మామూలు ఫియట్ పుంటోలాగే ఉండే అయిదు తలుపుల చిన్న కారు. బానెట్ కింద మాత్రం 1,368 సీసీ టీ-జెట్ టర్బో పెట్రోల్ ఇంజిన్ ఉంటుంది. టర్బో అంటే పొగ వేగంతో తిరిగే చక్రం ద్వారా ఇంజిన్‌లోకి అదనపు గాలి తోసే పరికరం. ఇంజిన్ బలం 145 బీహెచ్‌పీ (హార్స్ పవర్), టార్క్ (తిప్పే బలం) 212 న్యూటన్ మీటర్లు. అయిదు గేర్ల మాన్యువల్ పెట్టె, నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు, 16 అంగుళాల అల్లాయ్ చక్రాలు. పుణె దగ్గరి రంజన్‌గావ్ ఫ్యాక్టరీలో తయారైన ఈ కారు 2015 అక్టోబరులో ఢిల్లీ ఎక్స్-షోరూమ్ ధర 9.95 లక్షల రూపాయలకు మార్కెట్లోకి వచ్చింది. నిశ్చల స్థితి నుంచి 100 కిలోమీటర్ల వేగానికి 8.8 సెకన్లు అని కంపెనీ ప్రకటించింది. పది లక్షల లోపు అంత బలం ఇచ్చే పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్ అప్పట్లో మన దగ్గర మరొకటి లేదు. అదే ఏడాది ఆగస్టులో వచ్చిన అబార్త్ 595 కాంపిటీజియోనే దిగుమతి బండి కావడంతో దాని ధర దాదాపు 30 లక్షలు పలికింది.

బండి మీది తేలు గుర్తు గురించి అడగనివారు లేరు. కార్లో అబార్త్ 1908 నవంబరు 15న వియన్నాలో పుట్టారు. పాశ్చాత్య లెక్క ప్రకారం ఆయనది వృశ్చిక రాశి కావడంతో 1949లో ఇటలీలో స్థాపించిన తన కంపెనీకి తేలునే గుర్తుగా పెట్టుకున్నారు. చిన్న ఫియట్ కార్లకు సైలెన్సర్లు మార్చి, ఇంజిన్లకు పదును పెట్టి, తమకంటే పెద్ద బండ్లతో పోటీ పడేలా చేయడం ఆ కంపెనీ పని. 1971లో ఫియట్ దాన్ని కొనేసింది. 1965లో వేగం రికార్డుల కోసం చేసిన ఒక కారు ఇరుకు సీటులో పట్టడానికి కార్లో అబార్త్ ఏకంగా 30 కిలోల బరువు తగ్గారని చెబుతారు. అంత పట్టుదల నాకైతే లేదు. కర్నూలు జిల్లా కోడుమూరు కొండ మీద శ్రావణ మాసం మూడో సోమవారం నాడు కొండలరాయుడికి భక్తులు తేళ్లను పట్టి సమర్పించే ఆచారం ఉంది. ఆ ఊరి నుంచి వచ్చిన మా మామ ఒకరు బండిని చూసి, "ఏమల్లుడా, రాయునికి ఇయ్యాల్సిన తేలును బండికి తగిలించుకుంటివే" అన్నారు.

ఇక నడక విషయం. ఇంజిన్ 2,000 ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) దాటేదాకా ఇది సాధారణమైన కారే, నిజానికి కొంచెం మందకొడి కారు కూడా. యాక్సిలరేటర్ తొక్కడానికీ బండి అందుకోవడానికీ మధ్య ఉండే ఎడం, బోరు మోటారు స్విచ్ వేశాక పైపులో నీళ్లు పైకి రావడానికి పట్టే వ్యవధి లాంటిది. అది తెలిసి నడిపేవారికి ఇబ్బంది లేదు. తెలియనివారు మొదటి వారంలోనే నిరాశపడతారు. 2,000 నుంచి 4,000 మధ్య వచ్చే ఊపు మాత్రం ఇన్నేళ్ల తర్వాత కూడా నాకు పాతబడలేదు. తాడిపత్రి వైపు నుంచి నాపరాళ్లు ఎత్తుకుని వచ్చే లారీల వెనక, రెండు వరుసల రోడ్డు మీద, ఎదురుగా ఖాళీ దొరికేదాకా మూడో గేరులో ఓపిగ్గా కాచుకుని ఉండి, దొరికిన వెంటనే దాటి మళ్లీ మన వరుసలోకి వచ్చేయడానికి పట్టే సమయం ఎంత తక్కువన్నదే ఈ బండి అసలు విలువ. ఎదురుగా వచ్చే బండికి మనం అడ్డుగా ఉండే క్షణాలు తగ్గుతాయి. నాలుగు వరుసల జాతీయ రహదారుల మీద కార్లకు కేంద్రం 2018లో నిర్ణయించిన గరిష్ఠ వేగం గంటకు 100 కిలోమీటర్లు. అంతకు మించి ఈ బండి ఎంత పోతుందని అడిగేవారికి నేను సమాధానం చెప్పను. 40 నుంచి 100 దాకా ఎలా పోతుందని అడిగితే ఓపిగ్గా కూర్చుని చెబుతాను.

రెండో గొప్పతనం స్టీరింగ్. ఇప్పటి కార్లలో ఎక్కువ భాగం స్టీరింగుకు విద్యుత్ మోటారు సాయం చేస్తుంది; ఇందులో పాత పద్ధతి హైడ్రాలిక్ పంపు ఉంది. పార్కింగులో తిప్పేటప్పుడు అది బరువు. టవర్ క్లాక్ దగ్గర ఇరుకు సందులో బండిని వెనక్కి తిప్పుకుంటూ చెమటలు పట్టిన రోజులున్నాయి. కానీ వేగం అందుకున్నాక ముందు చక్రాలు తారు మీద ఉన్నాయా, కంకర తేలిన చోట ఉన్నాయా, వాన నీటి పొర మీద ఉన్నాయా అన్నది అరచేతులకు తెలుస్తుంది. కడప నుంచి రాయచోటి పోయే దారిలో గువ్వలచెరువు ఘాట్ ఎక్కేటప్పుడు దీని విలువ పూర్తిగా అర్థమవుతుంది. ఆ మలుపుల్లో బరువు బండ్లు ఎక్కువ, ప్రమాదాలూ ఎక్కువే, కనుక అక్కడ వేగం చూపించుకోవాలనుకోవడం తెలివితక్కువతనం. నేను చెబుతున్నది వేగం గురించి కాదు. రెండో గేరులో నిదానంగా ఎక్కుతున్నప్పుడు కూడా బండి మనం చూపిన గీత మీదే పోతుంది, ఒక పక్కకు ఒరగదు, మలుపు మధ్యలో స్టీరింగును మళ్లీ సర్దుకోవలసిన పని పడదు. దిగేటప్పుడు గేరుతోనే వేగాన్ని అదుపులో పెట్టుకుంటే బ్రేకులు చల్లగా ఉంటాయి. పైన గువ్వలచెరువు పాలకోవా కోసం ఆగినప్పుడు పిల్లలు వాంతి అనకుండా దిగారంటే ఆ సస్పెన్షన్‌కు అంతకంటే మంచి కితాబు లేదు.

సస్పెన్షన్ గట్టిది. పాడైన రోడ్డు మీద నెమ్మదిగా పోతే ప్రతి గుంతా నడుముకు తెలుస్తుంది. వేగం కాస్త పెరిగితే ఆశ్చర్యంగా సర్దుకుంటుంది. నేల నుంచి బండి అడుగుకు ఉన్న ఎత్తు 155 మిల్లీమీటర్లు. ఇద్దరే ఉంటే చాలు. నలుగురు ఎక్కి డిక్కీలో సామాను పెడితే మాత్రం పల్లెల్లో ఎవరికి తోచినట్టు వారు వేసుకున్న సిమెంటు స్పీడ్ బ్రేకర్ల దగ్గర అడుగు తగలక తప్పదు. వాటిని ఏటవాలుగా, ఒక్కో చక్రం ఎక్కేలా దాటించడం నేర్చుకోవాలి. వెనక సీటులో పొడవాటివారికి మోకాళ్లు ముందు సీటుకు తగులుతాయి. ఎడమ కాలు విశ్రాంతిగా పెట్టుకోవడానికి క్లచ్ పక్కన తగినంత చోటు లేదు, బెంగళూరు దాకా పోయేసరికి ఈ లోటు బాగా తెలుస్తుంది. మైలేజీ గురించి అడిగేవారు ఈ బండి కొనకపోవడమే మంచిది. హైవే మీద నిలకడగా పోతే లీటరుకు పద్నాలుగు దాకా ఇస్తుంది, సప్తగిరి సర్కిల్ ట్రాఫిక్‌లో పది కూడా కష్టం.

మన ఎండ ఈ ఇంజిన్‌కు పెద్ద పరీక్ష. ఏప్రిల్, మే నెలల్లో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే ఊళ్లో టర్బో బండిని మధ్యాహ్నం నడపాలంటే కూలెంటు, ఆయిల్ రెండింటి విషయంలోనూ కక్కుర్తి పనికిరాదు. టర్బో చక్రం తిరిగే బేరింగుకు ఇంజిన్ ఆయిలే ఆధారం. దూరం నుంచి వచ్చీ రాగానే ఇంజిన్ ఆపేస్తే ఆ ఆయిల్ కదలకుండా నిలిచిపోయి, వేడికి మాడి, బేరింగు చుట్టూ మడ్డిగా గట్టిపడుతుంది. అందుకే చివరి ఒకటి రెండు కిలోమీటర్లు నెమ్మదిగా నడిపి, ఇంటి ముందు కాసేపు ఐడిల్‌లో ఉంచి ఆపుతాను. పూర్తి సింథటిక్ 5డబ్ల్యూ-40 ఆయిల్ వాడతాను, ఏడెనిమిది వేల కిలోమీటర్లకే మారుస్తాను. దీనివల్ల ఖర్చు పెరిగింది గానీ టర్బో ఇప్పటికీ మొదటిదే. ఎండ దెబ్బ బయట కూడా కనిపిస్తుంది. ఎర్ర స్టిక్కర్లు పెచ్చులూడాయి, నల్ల ప్లాస్టిక్ భాగాలు బూడిద రంగుకు తిరిగాయి. స్టిక్కర్లను నేను పూర్తిగా పీకేయించాను. బండి ఇప్పుడే బాగుందనిపిస్తుంది.

మరమ్మతు సంగతి కొంచెం విపులంగా చెప్పాలి, ఎందుకంటే అరుదైన బండి కొనాలనుకునేవారు తక్కువగా ఆలోచించేది ఇక్కడే. తయారీ ఆగినా సాధారణ పుంటోతో ఉమ్మడిగా ఉన్న భాగాలు, అంటే తలుపులు, అద్దాలు, లైట్లు, బుష్‌లు, బెంగళూరు జేసీ రోడ్డులో అడిగితే ఇప్పటికీ దొరుకుతాయి. టర్బో, దాని పైపులు, అల్లాయ్ చక్రాలు లాంటి అబార్త్‌కే ప్రత్యేకమైన భాగాల కోసం వెతకాలి, అడ్వాన్సు కట్టాలి, వారాలు ఆగాలి. పనివాడు దొరకడం విడిభాగం దొరకడం కంటే కష్టం. ఒకసారి వేరే ఊళ్లో ఒక వర్క్‌షాపులో సర్వీసు చేయించాక బండిలో ఊపు పోయింది, తొక్కినప్పుడల్లా బుస్సుమనే చప్పుడు. అక్కడివారు టర్బో పోయిందని తేల్చి, భారీ అంచనా రాసి ఇచ్చారు. అనంతపురంలో నా మెకానిక్ కంప్యూటర్ తగిలించకుండానే చప్పుడు విని, "టర్బోకేం కాలేదు సార్, గాలి లీకైతాంది" అన్నాడు. టర్బో నుంచి వచ్చే వేడి గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ పైపు క్లిప్పు వదులుగా ఉంది. బిగించాడు, అయిపోయింది. అలాంటి మనిషి మీకు అందుబాటులో లేకపోతే ఈ బండి జోలికి పోవద్దన్నది నా గట్టి అభిప్రాయం.

పెట్రోలు విషయంలోనూ ఒక జాగ్రత్త అవసరమైంది. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు బంకుల్లో మామూలైపోయింది. ఈ కారు అంతకు ముందు కాలపుది. ముందుజాగ్రత్తగా ఇంధనం పోయే రబ్బరు పైపులన్నీ మార్పించాను, వీలైనప్పుడల్లా, ఇంజిన్‌లో సమయానికి ముందే అంటుకోకుండా నిలిచే 95 ఆక్టేన్ పెట్రోలు పోయిస్తాను. ఎండాకాలంలో దాంతో ఇంజిన్ మరింత నునుపుగా తిరుగుతుందని నాకనిపిస్తుంది.

ఇదే తరహాలో అభిమానులు వెతుక్కునే ఇతర బండ్లున్నాయి. 2016లో వచ్చిన మూడు తలుపుల వోక్స్‌వాగన్ పోలో జీటీఐ బలంలోనూ నాణ్యతలోనూ దీనికంటే ఎంతో మేలు. కానీ దేశానికి వచ్చినవే 99, ధర కూడా వచ్చినప్పుడు 26 లక్షలకు దగ్గర. గోవాలో తయారైన శాన్ స్టార్మ్ రెండు సీట్ల ఫైబర్ బండి, చూపులకు అందమైనదే గానీ దాని 60 హార్స్ పవర్ రెనో ఇంజిన్‌ను స్పోర్ట్స్ కారు ఇంజిన్ అనడానికి నోరు రాదు. ఇక బలం అంకెలే ముఖ్యమనుకుంటే అంత దూరం పోనక్కర్లేదు. మన పెనుకొండ దగ్గర తయారయ్యే కియా సెల్టోస్ టర్బో పెట్రోల్ 160 పీఎస్ (బీహెచ్‌పీకి దాదాపు సమానమైన కొలత) ఇస్తోంది, షోరూములో వారంటీతో సహా దొరుకుతుంది. అయితే ఆ స్టీరింగు అందులో లేదు. దానికోసమే ఇన్ని తిప్పలు పడటం సబబేనా అంటే నా మట్టుకు సబబే, మా ఇంట్లోవారి మట్టుకు కాదు.

కొనడానికి వెళ్లేవారు మొదట వెనక చక్రాలు చూడండి. స్టిక్కర్లు, తేలు బొమ్మ ఎవరైనా మామూలు పుంటోకు అంటించగలరు. వెనక డిస్క్ బ్రేకులు లేకపోతే అక్కడి నుంచే తిరిగి రావచ్చు. ఆర్సీలో ఇంజిన్ సామర్థ్యం సరిచూడండి. చల్లగా ఉన్న ఇంజిన్‌ను మీ ముందే స్టార్ట్ చేయించి సైలెన్సర్ నుంచి నీలి పొగ వస్తుందేమో గమనించండి. వస్తే టర్బో సీళ్లు గానీ ఇంజిన్ లోపలి భాగాలు గానీ అరిగి ఆయిల్ మండుతున్నట్టే. బండి కింద పడుకుని చూడటానికి మొహమాటపడొద్దు, స్పీడ్ బ్రేకర్లకు తగిలిన గుర్తులన్నీ అక్కడే ఉంటాయి. అన్నిటికంటే ముఖ్యం టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారన్న రసీదు. ఈ ఇంజిన్‌లో వాల్వులను సమయానికి కదిలించే ఆ బెల్టు తెగితే వాల్వులు, పిస్టన్లు ఢీకొని ఇంజిన్ మొత్తం విప్పాల్సి వస్తుంది. రసీదు లేదంటే మార్చలేదనే అనుకుని, బెల్టు, టెన్షనర్, వాటర్ పంపు మూడూ కలిపి అయ్యే ఖర్చును బేరంలో తగ్గించుకోండి, బండిని ఇంటికి తేకముందే ఆ పని చేయించండి.