జాగ్రత్త: కాఫీ, చాక్లెట్ మిల్క్ స్టౌట్ కొనేముందు సీసా మెడ చూడండి

ఈ ఎండల్లో విజయవాడలో కాఫీ, చాక్లెట్ వేసి తయారుచేసిన మిల్క్ స్టౌట్ (ముదురు నల్లటి బీరు) అని 330 ఎంఎల్ సీసాలు చేతులు మారుతున్నాయి. "అన్నా, ఇది బయటి రాష్ట్రం సరుకు, ఇక్కడ ఎక్కడా దొరకదు" అని చెప్పి ఒక్కోటి 400 రూపాయలకు అంటగడుతున్నారు. ఒకేచోట కొన్న ఆరు సీసాలు తెరిస్తే నాలుగు పాడైపోయి ఉన్నాయి. ఆ నాలుగింట్లో రెండు మూత తీయగానే సగానికి సగం బయటికి పొంగాయి. ఇంకొన్నాళ్లు అదే వేడిలో ఉంటే గాజు పగిలేదే. అందుకే ఇంత వివరంగా రాయాల్సి వస్తోంది.

మిల్క్ స్టౌట్‌లో పాలు ఉండవు, పాలచక్కెర ఉంటుంది. అదే లాక్టోజ్. బీరును పులియబెట్టే ఈస్ట్ మాల్ట్‌లోని (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) చక్కెరను తింటుంది గానీ లాక్టోజ్‌ను తినలేదు. అది అలాగే మిగిలిపోయి నోటికి చిక్కదనం, కాస్త తీపి ఇస్తుంది. లీటరుకు 20 నుంచి 30 గ్రాములు వేయడం మామూలు. చిక్కంతా ఇక్కడే ఉంది. ఈస్ట్ వదిలేసిన ఆ చక్కెరను కొన్ని రకాల లాక్టోబాసిల్లస్ బ్యాక్టీరియా, కొన్ని అడవి ఈస్ట్‌లు సుబ్బరంగా తింటాయి. సీసాలు శుభ్రంగా కడక్కుండా నింపినా, పాశ్చరైజ్ చేయకపోయినా అవి లోపల ఉండిపోతాయి. చల్లగా ఉన్నంతకాలం కదలవు. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో రేకుల షెడ్డు కింద పెట్టెలు పేర్చితే మాత్రం ఊరుకోవు. గ్యాస్ పెరుగుతుంది, పులుపు ఎక్కుతుంది.

కాబట్టి కొనేటప్పుడు సీసాను వెలుతురుకు పెట్టి మెడ దగ్గర చూడండి. బీరు మట్టం ఆగినచోట గాజుకు లోపలివైపు తెల్లగా, జిడ్డుగా వలయం కట్టి ఉంటే తీసుకోవద్దు. అడుగున పల్చటి మడ్డి ఉంటే ఫర్వాలేదు, తెట్టెలు తేలుతుంటే వద్దు. మూత అంచు దగ్గర ఎండిన మరక ఉన్నా అంతే, అది కారిన సీసా.

తయారీ తేదీ చూడకుండా ఈ రకం అసలు కొనకండి. స్టౌట్‌కు ఆయుష్షు ఎక్కువే అయినా కాఫీ పరిమళానికి లేదు, రెండు మూడు నెలల్లో దిగిపోతుంది. బీరు పనివాళ్లు చెప్పే ఒక మోటు లెక్క ఉంది: 32 డిగ్రీల్లో 3 రోజులు, 22 డిగ్రీల్లో 30 రోజులు, 3 డిగ్రీల్లో 300 రోజులు, ఈ మూడూ బీరుకు చేసే చెరుపు దాదాపు ఒకటే. మే నెలలో మన బెజవాడ రాత్రులు ఎలా ఉంటాయో వేరే చెప్పక్కర్లేదు. నిల్వ అంతా బయట అలమారలో పెట్టి, అడిగినప్పుడు మాత్రమే ఫ్రిజ్‌లో చల్లబరిచి ఇచ్చే చోట తేదీ బాగున్నా నమ్మలేం.

తాగి తేల్చుకోవాలంటే ఫ్రిజ్‌లోంచి తీసి పావుగంట ఆగండి. 10–12 డిగ్రీలు చాలు. మంచులా చల్లగా ఉంటే తప్పులన్నీ దాక్కుంటాయి. గ్లాసులో 100 ఎంఎల్ పోసి ముందు వాసన చూడండి. మంచి సరుకైతే అప్పుడే పొడి కొట్టిన కాఫీ, వేయించిన కోకో గింజ వాసన వస్తాయి, నురగ లేత గోధుమ రంగులో కాసేపు నిలుస్తుంది. నిన్నటి డికాషన్ మళ్లీ కాచినట్టుంటే కాఫీ పాతబడింది. పచ్చి క్యాప్సికమ్ వాసన కాఫీ ఎంపికలోనో, నానబెట్టడంలోనో జరిగిన తప్పు. కాలంతో అది పోదు. తడిసిన అట్టపెట్టె వాసన, సోయా సాస్ రుచి వేడి దెబ్బకు గుర్తులు. నాలుక పక్కల మజ్జిగ పులుపు తగిలితే పక్కన పెట్టేయండి.

చాక్లెట్ విషయంలో ఒక మోసం మామూలైపోయింది. 'చాక్లెట్ మాల్ట్' అంటే ముదురుగా వేయించిన బార్లీ మాల్ట్, అందులో చాక్లెట్ ఉండదు. పదార్థాల్లో కోకో గింజలో, కోకో పొడో రాసి లేకుండా ముందువైపు పెద్దక్షరాల్లో చాక్లెట్ అని ఉంటే దానికి అదనపు ధర పెట్టకండి. ఏలూరు, పశ్చిమ గోదావరి కోకో తోటలు పక్కనే ఉన్న మనకు కేకు ఎసెన్స్ వాసనకూ కోకోకూ తేడా తెలియనిది కాదు.

పాలు పడనివాళ్లు మరీ జాగ్రత్త. ఒక సీసాలో 7 నుంచి 10 గ్రాముల లాక్టోజ్ ఉంటుంది, అంటే 150–200 ఎంఎల్ పాలలో ఉన్నంత. కడుపు ఉబ్బరం, విరేచనాలు పట్టుకుంటే బీరు పడలేదనుకుంటారు గానీ కారణం ఇదే కావచ్చు.

మూత మీద వేరే రాష్ట్రపు ఎక్సైజ్ స్టిక్కర్ ఉన్న సీసాను ఇక్కడ అమ్మితే అది నాన్ డ్యూటీ పెయిడ్, అంటే ఇక్కడి పన్ను కట్టని సరుకు. బిల్లు ఇవ్వరు, కాబట్టి చెడినా అడిగే దారి ఉండదు. లైసెన్స్ షాపులో కొన్నదైతే బిల్లు, సీసా, మూత మూడూ దాచి 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు చెప్పండి.

ఇప్పటికే ఇంట్లో ఉన్నవాళ్లు సీసాలు ఊపొద్దు, పిల్లలకు అందనివ్వొద్దు. మందపాటి తువ్వాలు చుట్టి, నిలువుగా ఫ్రిజ్ అడుగు అరలో ఒక రోజంతా పెట్టండి. తర్వాత తువ్వాలు తీయకుండానే సింకులో పెట్టి, ముఖం పక్కకు తిప్పుకుని, మూతను కొద్దికొద్దిగా లేపుతూ గ్యాస్ వదలండి. పొంగితే మొత్తం పారబోయండి.