పైథాన్ గెట్‌యాటర్: ఏళ్ల తరబడి వాడాక

ఒక ఆబ్జెక్టుకు ఫలానా యాట్రిబ్యూట్ (దానికి తగిలించిన, పేరున్న విలువ) ఉందో లేదో ముందే తెలియనప్పుడు పైథాన్‌లో నేను మొదట అందుకునేది గెట్‌యాటర్ (getattr) అనే ఫంక్షన్‌నే. ఆబ్జెక్టు, యాట్రిబ్యూట్ పేరు, మూడోదిగా డిఫాల్ట్ విలువ ఇస్తే చాలు. యాట్రిబ్యూట్ ఉంటే దాని విలువ, లేకపోతే మనమిచ్చిన డిఫాల్ట్ చేతికొస్తుంది. లేని యాట్రిబ్యూట్‌ను మూడోది ఇవ్వకుండా అడిగితే మాత్రం యాట్రిబ్యూట్‌ఎర్రర్ తప్పదు. వెబ్ ప్రోగ్రాములు రాసే పనిలో ఏళ్లుగా దీన్ని వాడుతున్నాను. నాకు చాలా ఇష్టమైన ఫంక్షన్, కానీ ఎక్కడ పడితే అక్కడ వాడితే ఒప్పుకోను.

దీని అసలు చోటు మన కోడ్ బయటి కోడ్‌ను కలిసే సరిహద్దు. జాంగో అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్‌లో పదిమందీ వాడుకునే యాప్ రాసేటప్పుడు గెట్‌యాటర్(సెట్టింగ్స్, 'పేజీ_సైజు', 20) అని ఒక్క వరుస రాస్తే, ఆ సెట్టింగు పెట్టుకున్నవారికి వారి విలువ, పెట్టుకోనివారికి 20 వస్తుంది. వన్‌టువన్ (ఒకదానికి ఒకటే) సంబంధానికి అవతలి వైపు నుంచి, అంటే యూజర్ నుంచి ప్రొఫైల్‌ను అడిగేటప్పుడు కూడా హాయిగా పనిచేస్తుంది. ప్రొఫైల్ లేనప్పుడు జాంగో ఇచ్చే ఎర్రర్ యాట్రిబ్యూట్‌ఎర్రర్ కుటుంబానిదే కాబట్టి, డిఫాల్ట్‌గా నన్ (None, అంటే ఏ విలువా లేదని) ఇస్తే అదే వస్తుంది. అయితే అలా మొదటిసారి అడిగినప్పుడు డేటాబేస్‌కు ఒక క్వెరీ వెళ్లవచ్చని గుర్తుంచుకోవాలి.

ఇక నన్ను నిజంగా బాధపెట్టే విషయం. ఒక బిల్లింగ్ కోడ్‌లో కస్టమర్ క్లాసుకు డిస్కౌంట్ అనే ప్రాపర్టీ (యాట్రిబ్యూట్‌లా చదివితే లోపల ఫంక్షన్ నడిచేది) ఉండేది. బిల్లు వేసే ఫంక్షన్ దాన్ని గెట్‌యాటర్‌తో, డిఫాల్ట్ సున్నాగా చదివేది. ప్రాపర్టీ లోపల ప్లాన్ ఆబ్జెక్టులోని రేటును చదివే వరుస ఉంది. ఆ ప్లాన్ క్లాసులో ఎవరో యాట్రిబ్యూట్ పేరు మార్చారు. అంతే, ప్రాపర్టీ లోపల యాట్రిబ్యూట్‌ఎర్రర్ వచ్చింది. గెట్‌యాటర్‌కు అది ఎక్కడ పుట్టిందన్న పట్టింపు ఉండదు. డిస్కౌంటే లేదనుకుని సున్నా చేతిలో పెట్టింది. లాగ్‌లో ఒక్క వరుస లేదు, అందరికీ పూర్తి ధర పడింది. డిస్కౌంట్ ఆ క్లాసులో ఎప్పుడూ ఉండేదే! నేరుగా చుక్క పెట్టి చదివి ఉంటే మొదటి బిల్లులోనే ప్రోగ్రాం ఆగి, ఏ వరుసలో తప్పో చెప్పేది. అందుకే మన సొంత క్లాసుల మీద డిఫాల్ట్‌తో గెట్‌యాటర్ కనిపిస్తే రివ్యూలో తప్పకుండా ప్రశ్నిస్తాను. ఆ యాట్రిబ్యూట్ లేకుండా ఉండే సందర్భం నిజంగా ఉంటే, డేటాక్లాసులోనే (ఫీల్డులు, వాటి డిఫాల్ట్‌లు ప్రకటించే క్లాసులోనే) డిఫాల్ట్ పెట్టడం మేలు.

యాట్రిబ్యూట్ ఉందా లేదా అని మాత్రమే చెప్పే హ్యాజ్‌యాటర్‌దీ (hasattr) ఇదే గుణం. పైథాన్ 2లో అది ఇంకా ఘోరంగా దాదాపు ఏ ఎర్రర్ వచ్చినా లేదనే చెప్పేది. 3.2 నుంచి యాట్రిబ్యూట్‌ఎర్రర్‌ను మాత్రమే పట్టుకుంటోంది.

యాట్రిబ్యూట్ ఉండి, విలువ నన్ అయితే గెట్‌యాటర్ నన్‌నే ఇస్తుంది, డిఫాల్ట్‌ను కాదు. దానికి చాలామంది వెనక ఆర్ (or) పెట్టి డిఫాల్ట్‌ను తగిలిస్తారు. అప్పుడు సున్నా, ఖాళీ స్ట్రింగు కూడా ఎగిరిపోతాయి. నన్ కాదా అని విడిగా చూసుకోవడమే సరైన పద్ధతి. ఇతర భాషల్లో ఉన్నటువంటి, నన్‌ను చూసుకునే ప్రత్యేక ఆపరేటర్లు కావాలని 2015లో పెప్ 505 (పైథాన్‌లో మార్పు కోసం ప్రతిపాదన) వచ్చింది కానీ వాయిదా పడింది. అవి వచ్చి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. డిఫాల్ట్ స్థానంలో ఫంక్షన్ కాల్ పెడితే, అవసరం ఉన్నా లేకపోయినా అది ముందే నడుస్తుంది. ఖరీదైన లెక్కలు అక్కడ పెట్టకండి.

టెస్టుల దగ్గర ఇంకో జాగ్రత్త. మామూలు మాక్ ఆబ్జెక్టును (టెస్టుల్లో అసలుదాని బదులు వాడే నకిలీని) ఏ యాట్రిబ్యూట్ అడిగినా ఉందనే అంటుంది, కాబట్టి డిఫాల్ట్ దారి అసలు పరీక్షకే రాదు. మాక్‌కు స్పెక్ (అది అనుకరించాల్సిన క్లాసు) ఇవ్వండి, లేదా ఆ యాట్రిబ్యూట్‌ను మాక్ నుంచి డెల్ (del)తో తీసేసి పరీక్షించండి.