జో డుమార్స్ కుర్చీలో కూర్చుని ఆడి చూశా: ఒక బాస్కెట్‌బాల్ మేనేజర్ గేమ్ రివ్యూ

బాస్కెట్‌బాల్ మేనేజర్ గేమ్ (మ్యాచ్ ఆడకుండా టీమ్‌ని నడిపే గేమ్) ఏది కొన్నా నేను ముందు 2000 వేసవికి వెళ్లి అమెరికా ఎన్‌బీఏ లీగ్‌లోని డెట్రాయిట్ పిస్టన్స్‌ని తీసుకుంటా. మాజీ ఆటగాడు జో డుమార్స్, టీమ్‌లో ఎవరుండాలో తేల్చే మేనేజర్‌గా ఆ టీమ్ పగ్గాలు పట్టింది అప్పుడే. అతను చేసినవన్నీ గేమ్ నన్ను చేయనిస్తుందా? నాకు గ్రాఫిక్స్ కంటే ఇదే ముఖ్యం.

మన మేనేజర్‌కి ‘మాజీ ఆటగాడు’ అన్న నేపథ్యం పెట్టుకోవచ్చు. దాంతో వచ్చే లాభం ఆటగాళ్లతో బేరాల్లో కాస్త మొగ్గు, అంతే. డుమార్స్‌కి ఇది అన్యాయం. 1985 డ్రాఫ్ట్‌లో (టీమ్‌లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లని ఎంచుకునే కార్యక్రమం) 18వ పిక్‌గా వచ్చి 14 సీజన్లూ డెట్రాయిట్‌కే ఆడాడు. 1989, 1990 టైటిళ్లు గెలిచాడు, 1989 ఫైనల్స్ ఎంవీపీ (ఉత్తమ ఆటగాడు) కూడా. ‘బ్యాడ్ బాయ్స్’ అని పేరుపడ్డ ఆ టీమ్‌లో ఉంటూ, గొడవ జోలికి పోకుండా మైకేల్ జోర్డాన్‌ని కట్టడి చేసే పని చూసుకున్నాడు. లీగ్ ఇచ్చే క్రీడాస్ఫూర్తి ట్రోఫీకి అతని పేరే పెట్టారు. అలాంటివాడు ఫోన్ చేస్తే ఫ్రీ ఏజెంట్ (కాంట్రాక్ట్ ముగిసి ఏ టీమ్‌కైనా వెళ్లగల ఆటగాడు) వినే తీరే వేరుగా ఉండాలి కదా!

అసలు పరీక్ష డెట్రాయిట్ స్టార్ గ్రాంట్ హిల్ ట్రేడ్ (టీమ్‌ల మధ్య ఆటగాళ్ల మార్పిడి). హిల్ ఎలాగూ వెళ్లిపోతున్నాడు. వట్టి చేతులతో మిగలకుండా డుమార్స్ ఓర్లాండోతో సైన్ అండ్ ట్రేడ్ (కొత్త కాంట్రాక్ట్ రాయించి వెంటనే మార్పిడి చేయడం) కుదిర్చి బెన్ వాలెస్‌నీ, చకీ అట్కిన్స్‌నీ తెచ్చుకున్నాడు. గేమ్‌లో అదే పెడితే ట్రేడ్ లాభమా నష్టమా చూపే మీటర్ ఎర్రబడి, టీమ్ ఓనర్ నుంచి కోపంగా మెసేజ్ వచ్చింది. వాలెస్ రేటింగ్ అంత తక్కువ మరి. డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోని ఆటగాడు, ఫ్రీ త్రోలు సగం కూడా పడవు. రేటింగ్ ఇచ్చినవాళ్లు పాయింట్లే చూసినట్టున్నారు. నిజంగా జరిగింది చూస్తే, హిల్ చీలమండ దెబ్బతో ఓర్లాండోలో మొదటి నాలుగు సీజన్లలో కలిపి 47 మ్యాచ్‌లే ఆడాడు. వాలెస్ నాలుగుసార్లు డిఫెన్సివ్ ప్లేయర్ ఆఫ్ ద ఇయర్ అయ్యాడు. అయితే ఒక మాట ఒప్పుకోవాలి. ఓనర్ మెసేజ్ పట్టించుకోకుండా సీజన్ నడిపిస్తే, వాలెస్ ఉన్నంతసేపూ ఎదుటివాళ్ల షాట్లు బాగా తగ్గాయి. అంటే ఆట నడిపే ఇంజిన్‌కి తెలిసింది ట్రేడ్ మీటర్‌కి తెలియదన్నమాట.

మూడు టీమ్‌ల ట్రేడ్ మాత్రం అద్భుతంగా చేశారు. 2004 ఫిబ్రవరిలో రషీద్ వాలెస్‌ని తేవడానికి అట్లాంటా, బోస్టన్ రెండింటినీ ఒప్పించాలి, జీతాలు సాలరీ క్యాప్ (టీమ్ జీతాల మొత్తానికి లీగ్ పెట్టే పరిమితి) రూల్స్‌కి సరిపోవాలి. ఎక్కడ ఎంత తేడా వస్తోందో స్క్రీన్ మీదే కనిపిస్తుంది. ఈ ఒక్క స్క్రీన్‌తోనే ఒక సాయంత్రమంతా గడిచిపోయింది. ఛాన్సీ బిలప్స్, రిప్ హామిల్టన్, 23వ పిక్‌గా దొరికిన టేషాన్ ప్రిన్స్, ఇద్దరు వాలెస్‌లు. ఈ అయిదుగురే 2004 ఫైనల్స్‌లో షకీల్ ఓనీల్, కోబీ బ్రయంట్ ఉన్న లేకర్స్‌ని 4-1తో ఓడించారు. నా గేమ్‌లో కాన్ఫరెన్స్ ఫైనల్ (ఫైనల్స్‌కి ముందు రౌండ్) దాకానే వెళ్లారు, అది పర్వాలేదు.

నాకు నచ్చనిది డ్రాఫ్ట్. 2003లో డుమార్స్ రెండో పిక్‌తో డార్కో మిలిచిచ్‌ని తీసుకున్నాడు. పెద్ద స్టార్లుగా ఎదిగిన కార్మెలో ఆంథొనీ, క్రిస్ బాష్, డ్వేన్ వేడ్ ఆ తర్వాతి మూడు పిక్‌లు. ఇప్పటికీ జనం దాన్నే ఎత్తిచూపుతారు. ఈ గేమ్‌లోనేమో స్కౌటింగ్ (కొత్త ఆటగాళ్లని పరిశీలించే) పాయింట్లు ఖర్చుపెడితే ఎవరు ఎంతవాడవుతాడో అంకె వేసి మరీ చూపిస్తారు. ఇంక డార్కోని ఎవరు తీసుకుంటారు? పక్కవాడి పేపర్ చూసి రాసిన పరీక్షలా ఉంది. సెట్టింగ్స్‌లో ఆ అంకెలు దాచే ఆప్షన్ పెట్టి ఉంటే సరిపోయేది.

2008 నవంబర్లో బిలప్స్‌ని డెన్వర్‌కి పంపి అలెన్ ఐవర్సన్‌ని తెచ్చిన ట్రేడ్ కూడా చేసి చూశా. ఈసారి మీటర్ పచ్చగా వెలిగింది, కానీ డ్రెస్సింగ్ రూమ్ మూడ్ వారం తిరక్కుండానే పడిపోయింది. డెట్రాయిట్‌లో నిజంగానూ ఆ సీజన్ 39 విజయాలతో ఆగిపోయింది. ఇది రాసినవాళ్లెవరో డుమార్స్ కథ బాగా చదివారు.

కామెంటరీ విసుగు, నేను ఆపేశా. మ్యాచ్‌లు మీరే ఆడాలనుకుంటే ఇది కొనకండి. ట్రేడ్లు, జీతాల లెక్కల మీద ఇష్టముంటే కొనండి, కానీ ఫోన్‌లో వద్దు. మూడు టీమ్‌ల ట్రేడ్ పెట్టినప్పుడు జీతాల అంకెలు చీమల్లా కనిపిస్తాయి, వేలు పెడితే పక్క ఆటగాడు సెలెక్ట్ అవుతాడు.